లైబ్రరీలో పబ్లిక్ కంప్యూటర్ల సామాను పోకుండా ముందు ఏం బిగించాలి?

లైబ్రరీ_డెస్క్

అందరికీ నమస్కారం. లైబ్రరీలో చదువరులు వాడుకునే కంప్యూటర్లకు దొంగతనం నుంచి రక్షణ ఏర్పాటు చేయాలి. డబ్బు ఒక్కసారిగా రాదు, విడతలుగా వస్తుంది. అందుకే ఏది ముందు, ఏది తర్వాత అన్నది తేల్చుకోవాలి.

హాలు ఒకటే. ముందు ప్రధాన ద్వారం, వెనక అత్యవసర ద్వారం. డెస్క్‌టాప్‌లు 14: అందులో 8 పెద్ద క్యాబినెట్లు బల్లల కింద నేల మీద ఉంటాయి, 6 మినీ పీసీలు మానిటర్ల వెనక బిగించి ఉంటాయి. హాల్లోనే కూర్చుని వాడుకోవడానికి కౌంటర్లో ఇచ్చే ల్యాప్‌టాప్‌లు 5. బల్లల పైచెక్క లామినేట్ అంటించిన పార్టికల్ బోర్డు, మందం 25 మి.మీ.; కాళ్ళూ ఫ్రేమూ ఇనుప చదరపు పైపు. కౌంటర్లో ఎప్పుడూ ఒక్కరే ఉంటారు.

పోయేవి ఎక్కువగా మౌస్‌లు, హెడ్‌ఫోన్లు, ల్యాప్‌టాప్ అడాప్టర్లు. వాటికన్నా పెద్ద నష్టం ర్యామ్, అంటే కంప్యూటర్ లోపలి మెమరీ ముక్కలు. క్యాబినెట్ మూత తీసి రెండు ర్యామ్ స్టిక్కుల్లో ఒకటే పట్టుకుపోతే కంప్యూటర్ మామూలుగానే ఆన్ అవుతుంది, కాస్త నెమ్మదిస్తుంది అంతే. ఎప్పుడు పోయిందో కూడా తెలియదు.

అన్నిటికీ కేబుల్ లాకులు (పరికరాన్ని లోహపు తీగతో బల్లకు కట్టే తాళాలు) కొంటే సరిపోతుందా? కేబుల్ కొస తగిలించే యాంకర్ ప్లేటును బల్లకు జిగురుతో అంటించాలా, రంధ్రం చేసి బోల్టు వేయాలా? పుస్తకాలకు వాడే ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగునే (రేడియో తరంగాలతో చదివే చీటీ) ల్యాప్‌టాప్‌కు అంటిస్తే గేటు మోగుతుందా? కెమెరాలు ముందా, తాళాలు ముందా?

బోల్టు_నట్టు

కేబుల్ లాకుతోనే మొదలుపెడదాం, డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది అక్కడే. కొనేవాళ్ళు కేబుల్ ఎంత మందమో చూస్తారు. బోల్ట్ కట్టర్ తెచ్చుకున్నవాడికి ఏ మందమైనా ఒకటే. పగటిపూట హాల్లోకి అది పట్టుకొచ్చేవాళ్ళు తక్కువ. మామూలుగా ఊడేది కేబుల్ మధ్యలో కాదు, కొసల దగ్గర. ఒక కొస పరికరంలో ఉంటుంది, రెండోది బల్లకు. రెండూ చూడాలి.

పరికరం వైపు కొస: లాకు స్లాటు, అంటే లాకు తల దూరే చిన్న రంధ్రం, అన్నిటికీ ఒకటే కాదు. మామూలు కెన్సింగ్టన్ స్లాటు సుమారు 7 × 3 మి.మీ. పలచటి ల్యాప్‌టాప్‌లలో వచ్చే నానో స్లాటు 6 × 2.5 మి.మీ. కొన్నిటికి ఒక వైపు ఏటవాలుగా ఉండే వెడ్జ్ స్లాటు వస్తుంది. ఒకదాని లాకు ఇంకోదానికి పట్టదు. 19 పరికరాలకూ స్లాటు కొలిచి రాసుకున్నాకే ఆర్డరు పెట్టండి. ఇంకో సంగతి, స్లాటు లోపలి లోహపు ఫ్రేములో ఉందో, ఉత్త ప్లాస్టిక్ ఒంటిలో ఉందో చూడండి. ప్లాస్టిక్‌లో ఉంటే గట్టిగా మెలితిప్పితే ఒళ్ళు చీలి లాకు బయటికొస్తుంది. పగిలిన ల్యాప్‌టాప్ తీసుకెళ్ళేవాడికి తక్కువ ధరే వస్తుంది, కానీ మీకు ల్యాప్‌టాప్ పోయినట్టే.

బల్ల వైపు కొసే అసలు బలహీనత. మీ పార్టికల్ బోర్డులో చెక్క స్క్రూలతో ప్లేటు బిగిస్తే, కింద ఒక స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తగానే స్క్రూలు పొడితో సహా ఊడి వస్తాయి. జిగురు ప్లేటు లామినేట్‌ను గట్టిగానే పట్టుకుంటుంది, అయితే లాగినప్పుడు లామినేటే బోర్డు నుంచి పొరగా లేస్తుంది. కాబట్టి మీ దగ్గర ఇనుప ఫ్రేము ఉండగా పైచెక్క జోలికి వెళ్ళకండి. కేబుల్ ఉచ్చును ఫ్రేముకే వేయండి. ఒక్క జాగ్రత్త: కాలికి చుట్టి వదిలేస్తే బల్ల ఒక మూల ఎత్తి ఉచ్చును కాలి కిందుగా జార్చేస్తారు. రెండు కాళ్ళను కలిపే అడ్డపైపుకు వేయాలి, ఆ పైపు రెండు కొసలూ వెల్డింగ్ అయి ఉండాలి. బోల్టులతో కలిపిన అడ్డపైపు అయితే ఆ బోల్టులే తర్వాతి బలహీనత అవుతాయి.

వెల్డింగ్ చేసిన అడ్డపైపు లేకపోతే కాలి పైపుకు 9 మి.మీ. రంధ్రం అడ్డంగా చేసి, యాంకర్ ప్లేటును ఎమ్8 క్యారేజ్ బోల్టుతో బిగించండి. దీని తల నున్నగా గుండ్రంగా ఉంటుంది, పానాకు దొరకదు. అవతలి వైపు షియర్ నట్టు వేయండి. బిగించేటప్పుడు ఒక స్థాయి దాటగానే దాని ఆరు పలకల భాగం తెగి రాలిపోతుంది, పట్టు దొరకని నున్నటి ముక్క మిగులుతుంది. మామూలు నట్టుతో ముందు ఒకసారి బిగించి, పైపు నొక్కుకుపోవడం లేదని చూసుకున్నాకే షియర్ నట్టు వేయండి. తెగాక మళ్ళీ విప్పాలంటే గ్రైండర్ పట్టాల్సిందే. కంటి బోల్టు మాత్రం వాడొద్దు. కంటిలో ఏదైనా కడ్డీ దూర్చి తిప్పితే అదే విడిపోతుంది.

ఎక్కడైనా పైచెక్కకే వేయక తప్పకపోతే బోల్టు చెక్కలో ఆరపార దిగాలి. పార్టికల్ బోర్డులో క్యారేజ్ బోల్టు చదరపు మెడ పట్టదు, బోర్డు నలిగిపోయి బోల్టు అక్కడే తిరుగుతుంది. పైన చదరపు రంధ్రమున్న 3 మి.మీ. ఇనుప పలక, కింద 100 × 100 మి.మీ. పలక, మధ్యలో బోర్డు. బోల్టు 50 మి.మీ. పొడవుది కావాలి.

ఇక ర్యామ్. దీనికి ఖర్చు చాలా తక్కువ. ఆఫీసు రకం క్యాబినెట్ల వెనక చిన్న ఇనుప కన్ను ఒకటి బయటికి ఉంటుంది. దానికి తాళంకప్ప వేస్తే మూత జరగదు. అదే తాళంకప్పకు కేబుల్ ఉచ్చు కూడా తగిలిస్తే మూత, పెట్టె రెండూ ఒకే తాళంతో అయిపోతాయి. కన్ను రంధ్రం కొలిచి, దానిలో దూరే కడ్డీ ఉన్న కప్పల్లో అన్నిటికన్నా మందమైనది కొనండి. కొన్ని క్యాబినెట్లకు రెండో పక్క రేకు కూడా ఊడుతుంది, అటు నుంచి ర్యామ్ అందకపోయినా డిస్కు అందవచ్చు. ఒక పెట్టెను బల్ల మీద పెట్టి, తాళం వేసి, ఎక్కడెక్కడ తెరవగలరో అన్ని వైపులా చేత్తో ప్రయత్నించి చూడండి.

మినీ పీసీలు మీకున్న వాటిలో అన్నిటికన్నా తేలికగా పోయేవి. బ్రాకెట్‌లోంచి జారి బయటికి రావడానికి చాలావాటికి చేత్తో తిప్పే ఒక్క స్క్రూ అడ్డం ఉంటుంది. దాని స్థానంలో అదే మరకొలత ఉన్న, మధ్యలో పుల్ల ఉండే టార్క్స్ స్క్రూ (తలలో నక్షత్రం ఆకారపు గుంట ఉండేది) వేయండి. మానిటర్‌కు బ్రాకెట్ పట్టే నాలుగూ వీసా స్క్రూలు (మానిటర్ వెనక ఉండే నాలుగు రంధ్రాల ప్రామాణిక అమరిక పేరే వీసా). 75 × 75, 100 × 100 మి.మీ. రెండు అమరికలకూ ఎమ్4 సైజే. పొడవు మాత్రం ఊహించి కొనకండి. పాత స్క్రూ తీసి పక్కన పెట్టి కొలవండి. పొడవైనది వేస్తే మొన మానిటర్ లోపలికి దిగి ప్యానెల్‌ను నొక్కుతుంది, తెర మీద తెల్లమచ్చ లేస్తుంది. ఈ స్క్రూల బిట్లు బజార్లో ఎవరైనా కొనుక్కోవచ్చు. నాణెంతోనో జేబులోని స్క్రూడ్రైవర్‌తోనో వచ్చేవాడిని ఆపడానికే ఇవి. అందుకే మినీ పీసీకి దాని స్లాటులో కేబుల్ లాకు కూడా ఉండాలి, ఆ కేబుల్ మానిటర్ కాడ (స్టాండు) గుండా వెళ్ళి ఫ్రేముకు చేరాలి. లేకపోతే మానిటర్‌తో కలిపే ఎత్తుకుపోతారు.

మౌస్, కీబోర్డు: వైరు ఉన్నవే పెట్టండి. వైర్‌లెస్ అయితే మౌస్ మిగిలినా గోరంత రిసీవర్ పోతుంది. వైర్లను పట్టి ఉంచే కేబుల్ ట్రాపులు దొరుకుతాయి, లాకు స్లాటులోనో తాళంకప్ప కన్నుకో బిగుసుకుంటాయి. ప్లాస్టిక్ టైతో బిర్రుగా కట్టడం పొరపాటు. కట్టిన చోటే రోజూ వంగి లోపలి తీగలు తెగుతాయి, మౌస్ ఆగి ఆగి పనిచేస్తుంది, చెడిపోయిందని పారేస్తారు. ట్రాపుకూ పోర్టుకూ మధ్య ఒక బెత్తెడు వదులు ఉంచండి. బల్ల మీదికి వచ్చే వైరు కీబోర్డుకు రెండు పక్కలకూ అందాలి, ఎడమచేతితో వాడేవాళ్ళు ఉంటారు. హెడ్‌ఫోన్లను బల్ల మీద ఉంచకండి, కౌంటర్లో అడిగి తీసుకునేలా పెట్టండి.

నెట్‌వర్క్_గది

పైన చెప్పిన బిగింపులన్నీ చేసినా, అవి దొంగకు పట్టే సమయాన్ని కొన్ని నిమిషాలు పెంచుతాయి. ఆ నిమిషాల్లో కౌంటర్లో ఉన్న ఒక్కరికి తెలియకపోతే ఆ సమయం అక్కరకు రాదు. మీ దగ్గర ఇప్పటికే ఉన్న నెట్‌వర్క్ స్విచ్‌తోనే అలారం చేసుకోవచ్చు.

స్విచ్ మేనేజ్డ్ రకం, అంటే సెట్టింగులు మార్చుకోగలిగేది, అయి ఉండాలి. ప్రతి పోర్టుకూ సీటు నంబరే పేరుగా పెట్టండి. పోర్టులో లింకు (కంప్యూటర్‌తో వైరు కనెక్షన్) పడిపోగానే స్విచ్ ఎస్‌ఎన్‌ఎమ్‌పీ (నెట్‌వర్క్ పరికరాలను గమనించే పద్ధతి) సందేశం పంపుతుంది, దాన్ని కౌంటర్ కంప్యూటర్‌లో ‘సీటు 9 తెగింది’ అని చప్పుడుతో చూపించాలి.

చాలామంది దీన్ని పెట్టి, రెండు వారాల్లో విసిగి తీసేస్తారు. కారణాలు తెలిసినవే. మొదటిది, కంప్యూటర్ షట్‌డౌన్ చేయగానే లింకు పోవడం. బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రాము) వేక్ ఆన్ ల్యాన్ (నెట్‌వర్క్ ద్వారా కంప్యూటర్‌ను లేపే సెట్టింగు) ఆన్ చేసి, కరెంటు ఆదా కోసం డీప్ స్లీప్ లేదా ఈఆర్‌పీ అని ఉండే సెట్టింగును ఆఫ్ చేస్తే, కంప్యూటర్ ఆపేసినా నెట్‌వర్క్ కార్డుకు కరెంటు అందుతూ 10 లేదా 100 ఎంబీపీఎస్ వేగంతో లింకు నిలుస్తుంది. రెండోది, ఆన్ అయ్యేటప్పుడూ ఆఫ్ అయ్యేటప్పుడూ వేగం మారుతూ లింకు కొన్ని సెకన్లు పడి లేస్తుంది. అందుకని లింకు 60 సెకన్లు వరసగా లేకపోతేనే మోగేలా పెట్టండి. మూడోది, ప్లాస్టిక్ నాలుక విరిగిన ల్యాన్ వైర్లు. కాలు తగిలితే చాలు, వదులవుతాయి. అలారం పెట్టే ముందే అలాంటి వైర్లన్నీ మార్చేయండి. ఇక శుభ్రం చేసేవాళ్ళు ఎక్స్‌టెన్షన్ బోర్డు ప్లగ్గు పీకితే ఆ వరస మొత్తం ఒక్కసారిగా పోతుంది. ఒకేసారి మూడు నాలుగు సీట్లు పోతే అది కరెంటు, ఒక్కటే పోతే లేచి వెళ్ళి చూడాలి. స్విచ్‌కు యూపీఎస్ ఉండాలి.

ర్యామ్ ఎప్పుడు పోయిందో తెలియదన్నారు కదా, దానికి తాళంతో పాటు ఇది చేయండి. కంప్యూటర్ ఆన్ అయిన ప్రతిసారీ ఒక చిన్న స్క్రిప్టు ర్యామ్ స్టిక్కుల సంఖ్య, ఒక్కోదాని సైజు, సీరియల్ నంబరు చదివి సర్వర్‌కు పంపాలి. విండోస్‌లో విన్32_ఫిజికల్‌మెమరీ క్లాసు ఈ వివరాలు ఇస్తుంది, లినక్స్‌లో డీఎమ్ఐడీకోడ్ ఆదేశం టైప్ 17 ఇస్తుంది. నిన్నటి దానితో తేడా ఉంటే హెచ్చరిక. పబ్లిక్ కంప్యూటర్లలో రీస్టార్ట్ కాగానే పాత స్థితికి తెచ్చే సాఫ్ట్‌వేర్ ఉంటుంది కాబట్టి లాగ్‌ను ఆ కంప్యూటర్లోనే రాస్తే తుడిచిపెట్టుకుపోతుంది. సర్వర్‌లోనే రాయాలి.

కొన్ని క్యాబినెట్లలో మూత తెరిస్తే పట్టించే స్విచ్ ఉంటుంది. బయాస్‌లో దాన్ని ఆన్ చేయండి, బయాస్‌కు పాస్‌వర్డ్ పెట్టండి, యూఎస్‌బీ నుంచి బూట్ అవడం ఆపండి. చాలా మదర్‌బోర్డుల మీద ఒక జంపర్‌తోనో (రెండు పిన్నులను కలిపే చిన్న తొడుగు) బ్యాటరీ తీసో బయాస్ సెట్టింగులు చెరిపేయవచ్చు. అంటే బయాస్ పాస్‌వర్డ్‌కు కాపలా కాసేది కూడా బోల్టు_నట్టు గారు చెప్పిన తాళంకప్పే.

ట్యాగు_గేటు

ఆర్‌ఎఫ్‌ఐడీ ప్రశ్నకు: పుస్తకాల ట్యాగును అల్యూమినియం మూత మీద అంటిస్తే గేటు మోగదు. లైబ్రరీ ట్యాగులు 13.56 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి. లోహం ఆనుకుని ఉంటే గేటు పంపే అయస్కాంత క్షేత్రం ఆ లోహంలో సుడి ప్రవాహాలు పుట్టిస్తుంది, అవి ఆ క్షేత్రాన్నే అణిచేస్తాయి, ట్యాగు శ్రుతి కూడా తప్పుతుంది. లోహం మీద వాడటానికి వెనక ఫెర్రైట్ (అయస్కాంత క్షేత్రాన్ని లోహానికి తగలనివ్వని పదార్థం) పొర ఉన్న ట్యాగులు వేరే వస్తాయి. వాటిని కౌంటర్ ప్యాడ్ దగ్గరగా పెడితే చదువుతుంది. గేటు మధ్య దూరం ఎక్కువ, సంచీలో ల్యాప్‌టాప్ ఏ వైపు తిరిగి ఉంటుందో తెలియదు, కాబట్టి గేటు దగ్గర వాటినీ నమ్ముకోలేం. ఇవ్వడం, తీసుకోవడం నమోదుకు ఫెర్రైట్ ట్యాగు వాడుకోండి, కాపలాకు కాదు.

మీది పాత విద్యుదయస్కాంత పట్టీల పద్ధతి అయితే ఇంకో జాగ్రత్త. పుస్తకాన్ని రుద్ది పట్టీని నిద్రపుచ్చే, లేపే యంత్రం ఉంటుంది కదా, దాని మీద ల్యాప్‌టాప్ పెట్టకండి. దాని అయస్కాంత బలం హార్డ్ డిస్కుకు మంచిది కాదు.

ల్యాప్‌టాప్‌లకు గేటుకన్నా కంటికి కనబడటమే పనిచేస్తుంది. మూత మీద అరచేయంత అంకె, మెరిసే ఒకే రంగు స్టిక్కరు. అదే అంకె అడాప్టర్ ఇటుక మీద, దాని వైరు మీద కూడా ఉండాలి. మూడూ సరిచూసుకున్నాకే తిరిగి తీసుకున్నట్టు నమోదు చేయండి. చాలా అడాప్టర్లు మాయమయ్యేది ఈ చూసుకోకపోవడం వల్లే. గడువు గంటల్లో పెట్టండి, పూటల్లో కాదు. చదువరి గుర్తింపు కార్డు అసలును కౌంటర్లో తాకట్టులా ఉంచుకునే పద్ధతి వద్దు, అది పోతే బాధ్యత మీ మీద పడుతుంది. సభ్యత్వ నంబరు మీద ఇష్యూ చేస్తే చాలు.

లైబ్రరీ_డెస్క్

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. మరికొన్ని సందేహాలు. 8 క్యాబినెట్లనూ ఒక్కోదాన్ని స్టీలు పెట్టెలో పెట్టి తాళం వేసేస్తే ఈ కేబుళ్ళ గొడవే ఉండదు కదా? ఒక బల్ల చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళకు కేటాయించింది, దాని దగ్గర ఏం చేయాలి? కెమెరా సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు. ఇంకా, ల్యాప్‌టాప్ చార్జింగ్ అల్మరా దగ్గర గోడకు రంధ్రం చేయడానికి వీల్లేదు, అక్కడ జిగురు ప్లేటే దిక్కు.

హాలు_పటం

స్టీలు పెట్టె మీద నాకు అభ్యంతరం ఉంది. మూసిన పెట్టెలో క్యాబినెట్ తాను వదిలిన వేడిగాలినే మళ్ళీ పీలుస్తుంది. ఫ్యాను హోరెత్తుతుంది, ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది, పవర్ సప్లై ముందే చస్తుంది. పెట్టాలంటే ముందూ వెనకా చిల్లుల రేకు ఉండాలి, చుట్టూ కనీసం 5 సెం.మీ. ఖాళీ ఉండాలి, దుమ్ము దులపడానికి నెలకోసారి తెరవాలి. పవర్ బటన్ బయటికి అందాలి. పెన్‌డ్రైవ్ పెట్టుకునే పోర్టును బల్ల మీదికి తీసుకురావాలి, యూఎస్‌బీ 2.0కి వైరు పొడవు 5 మీటర్లు దాటకూడదు, యూఎస్‌బీ 3కి 3 మీటర్ల లోపే ఉంచితే మంచిది. ఇంత చేసే బదులు అత్యవసర ద్వారం పక్కన ఉన్న ఒకటి రెండు సీట్లకే పెట్టెలు పెట్టి, మిగతావాటికి తాళంకప్పా కేబులూ వేయండి.

చక్రాల కుర్చీ బల్ల కింద ఏదీ వేలాడకూడదు. మోకాళ్ళకు సుమారు 70 సెం.మీ. ఎత్తు ఖాళీ కావాలి, కాళ్ళు లోపలికి వెళ్ళే దారిలో కేబుల్ అడ్డం రాకూడదు, చక్రానికి చుట్టుకుంటుంది. ఆ సీటుకు మినీ పీసీ మానిటర్ వెనకే సరైన చోటు. కేబుల్‌ను మానిటర్ కాడ నుంచి వెనక ఫ్రేముకు దింపండి.

కెమెరా కన్నా ముందు బల్లల వరస చూడండి, దానికి ఖర్చు లేదు. తెరలన్నీ కౌంటర్ వైపు తిప్పి పెట్టడం చాలాచోట్ల చేస్తారు. చదువరి ఏం చదువుతున్నాడో చూడటం మన పని కాదు, పైగా ఆ అమరికలో క్యాబినెట్ల వెనక భాగాలు గోడ వైపు దాక్కుంటాయి. వరసలను కౌంటర్‌కు అడ్డంగా కాక నిలువుగా పెడితే మనిషి పక్క నుంచి కనబడతాడు, బల్ల కింద చేతులు కనబడతాయి, తెర మాత్రం కనబడదు. బల్ల ముందు కాళ్ళు కప్పే చెక్క ఉంటే తీసేయండి. దాని చాటునే మూతలు విప్పేది. విలువైన ల్యాప్‌టాప్‌లకు చోటు ద్వారానికీ కిటికీకీ దూరంగా ఉండాలి. మరుగుదొడ్ల కిటికీలు నేలంతస్తులో ఉంటే వాటికి జాలీ తప్పనిసరి, సామాను చేతులు మారేది అక్కడే.

అత్యవసర ద్వారానికి తాళం, గొలుసు ఎట్టి పరిస్థితిలోనూ వేయకూడదు. మంట లేస్తే ఆ ద్వారం తెరుచుకోవాలి. తోసే కడ్డీ మీద గట్టిగా మోగే లోకల్ అలారం పెట్టండి, బ్యాటరీ నెలనెలా పరీక్షించండి.

కెమెరాకు లెక్క ఇలా వేసుకోవాలి. నిఘా కెమెరాల ఐరోపా ప్రమాణం ఈఎన్ 62676-4 2015 కూర్పు ప్రకారం, తెలియని మనిషి ముఖాన్ని గుర్తుపట్టడానికి దృశ్యంలో మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్ళు కావాలి. తెలిసిన మనిషినే పోల్చుకోవడానికి 125. కెమెరా వెడల్పు 1920 పిక్సెళ్ళు అయితే 7.7 మీటర్ల వెడల్పు దాటిన దృశ్యంలో తెలియని ముఖం గుర్తుపట్టడానికి పనికిరాదు. 15 మీటర్ల హాలంతా ఒకే కెమెరాలో చూపిస్తే మీటరుకు 128 వస్తాయి, తెలిసినవాడైతే పోల్చుకోవచ్చు, తెలియనివాడైతే ఎవరో నీలం చొక్కా అనే తెలుస్తుంది. అందుకే మొదటి కెమెరా హాలుకు కాదు, ప్రధాన ద్వారానికి. బయటికి వెళ్ళే ముఖం ఎదురుగా పడేలా, నేల నుంచి 2.2 నుంచి 2.5 మీటర్ల ఎత్తులో. అంతకన్నా పైన పెడితే టోపీలూ నడినెత్తులూ రికార్డవుతాయి. ద్వారం అద్దంది అయితే వెనక వెలుతురుకు ముఖం నల్లబడుతుంది, డబ్ల్యూడీఆర్ (ఎక్కువ వెలుతురునూ నీడనూ ఒకేసారి స్పష్టంగా చూపే సదుపాయం) ఉన్న కెమెరా తీసుకోండి. రికార్డరు తాళమున్న గదిలో ఉండాలి. దాని గడియారం, నెట్‌వర్క్_గది గారు చెప్పిన స్విచ్ గడియారం రెండూ ఒకే ఎన్‌టీపీ (నెట్‌వర్క్‌లో సరైన సమయం అందించే) సర్వర్ నుంచి సమయం తీసుకోవాలి. లింకు తెగింది 4:12కి, కెమెరాలో 4:12 అంటే నిజానికి 4:26 అయితే తప్పు మనిషిని అనుమానిస్తారు. అది దొంగతనం కన్నా పెద్ద తప్పు.

బోల్టు_నట్టు

స్టీలు పెట్టెల మీద హాలు_పటం గారితో ఏకీభవిస్తున్నాను.

జిగురు ప్లేటు వేయక తప్పని చోట: దుమ్ము తుడిచి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్ళు సగం సగం కలిపిన దానితో రుద్ది ఆరనివ్వండి. రెండు పక్కలా బలమైన యాక్రిలిక్ ఫోమ్ టేపు అయితే గట్టిగా నొక్కాక 20 నిమిషాల్లో దాదాపు సగం పట్టు, ఒక రోజుకు తొంభై శాతం, పూర్తి పట్టుకు 72 గంటలు పడుతుంది. ఆ మూడు రోజులూ కేబుల్ తగిలించకండి. అంటించిన సాయంత్రమే తాళం వేసి లాగి చూడటం వల్లే చాలా ప్లేట్లు ఊడతాయి. సున్నం వేసిన గోడకు అంటిస్తే సున్నంతో సహా వస్తుంది. అల్మరా ఇనుప ఒంటికి అంటించండి, అల్మరా బరువుగా ఉండాలి. పాలిథిన్, పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ మీద ఈ జిగుర్లు నిలవవు. ల్యాప్‌టాప్ అడుగున గాలి చిల్లుల మీద, బ్యాటరీ తలుపు మీద అంటించకూడదు.

తాళంచెవుల సంగతి మరిచాను. అన్ని తాళాలకూ ఒకటే చెవి ఉన్న సెట్టు కౌంటర్లో ఒక్కరికి సుఖం, కానీ ఆ చెవి ఒకటి పోతే తాళాలన్నీ మార్చాలి. ఒక్కో తాళానికి వేరే చెవి, అన్నిటినీ తెరిచే మాస్టర్ కీ ఒకటి ఉన్న సెట్టు దొరికితే అది తీసుకోండి. విడి చెవులను సంతకం చేసిన కవర్లో మూసి వేరే గదిలో దాచండి. చౌకరకం గుండ్రటి చెవి కేబుల్ లాకులు కొనకండి, వాటిని మెత్తటి ప్లాస్టిక్ గొట్టంతో తిప్పి తెరవగలరు. అంకెల లాకు పబ్లిక్ సీట్లకు పనికిరాదు. తెరిచేటప్పుడు పక్కవాళ్ళు చూస్తారు, మూసేటప్పుడు చివరి చక్రం ఒక్కటే తిప్పి వదిలేస్తాం.

ఆస్తి_పట్టిక

పట్టిక లేకుండా ఇవేవీ ఎక్కువ కాలం నిలవవు. సీటు నంబరు, మోడల్, సీరియల్ నంబరు, మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య), ర్యామ్ స్టిక్కులు ఎన్ని, మానిటర్ సీరియల్, అడాప్టర్ అంకె, ఒక ఫోటో. సీరియల్‌ను స్టిక్కరు చూసి కాక బయాస్‌లోంచి తీసుకోండి. స్టిక్కరు గోకితే పోతుంది. ఫిర్యాదు రాసేటప్పుడు అడిగేది ఈ నంబరే. లైబ్రరీ పేరును క్యాబినెట్ రేకు మీద చెక్కించేటట్టయితే మూత విప్పి దూరంగా పెట్టి చెక్కండి, ఇనుప రజను మదర్‌బోర్డు మీద పడితే షార్ట్ అవుతుంది.

ల్యాప్‌టాప్‌లను సంస్థ పేరుతో నమోదు చేయడం పోయాక చేసే పని కాదు, కొన్న రోజే చేయాలి. విండోస్ ఆటోపైలట్‌లో (ల్యాప్‌టాప్‌లను సంస్థ పేరుకు కట్టే మైక్రోసాఫ్ట్ సేవ) ఉన్న ల్యాప్‌టాప్‌ను రీసెట్ చేస్తే మీ సంస్థ లాగిన్ అడుగుతుంది. క్రోమ్‌బుక్ తుడిచినా తిరిగి మీ సంస్థలోకే నమోదవుతుంది, ఆపిల్ వాటికి యాక్టివేషన్ లాక్ (తుడిచాక కూడా యజమాని లాగిన్ అడిగేది) ఉంటుంది. విండోస్ దాంట్లో లినక్స్ ఎక్కిస్తే ఆటోపైలట్ ఏమీ చేయలేదు, బయాస్ పాస్‌వర్డ్ అక్కడ అడ్డం. పరికరం పోయాక చాలామంది చేసే తప్పు ఒకటుంది: పట్టిక శుభ్రం చేద్దామని పోయిన ల్యాప్‌టాప్‌ను మేనేజ్‌మెంట్ కన్సోల్ (సంస్థ పరికరాలను నిర్వహించే వెబ్ పేజీ) నుంచి తొలగిస్తారు. దాంతో దాని తాళం మీరే విప్పినట్టవుతుంది. ‘పోయింది’ అని గుర్తు పెట్టి అలాగే ఉంచండి. దానిలో వైఫై పాస్‌వర్డ్ నిల్వ ఉంటే ఆ రోజే మార్చండి.

తెరిచేటప్పుడు ఒకసారి, మూసేటప్పుడు ఒకసారి లెక్క. 14 సీట్లకు ఐదు నిమిషాలు చాలు. మౌస్, కీబోర్డు ఉన్నాయా అని చూడటమే కాదు, తాళంకప్పను చేత్తో లాగి చూడాలి; వేసినట్టు కనబడే తాళం చాలాసార్లు పడి ఉండదు. క్యాబినెట్ వెనక కీబోర్డు ప్లగ్గుకూ పోర్టుకూ మధ్య ఇంతకుముందు లేని చిన్న ముక్క ఏదైనా ఉందేమో కూడా చూడండి. అది టైపు చేసినవన్నీ దాచుకునే కీలాగర్ కావచ్చు. పీకి పారేయకుండా ఫోటో తీసి, ఆ సీటు మూసేసి, పై అధికారికి చెప్పండి.

స్టోర్ గదిని ఎవరూ పట్టించుకోరు. పక్కన పడేసిన పాత కంప్యూటర్లలోని ర్యామ్, డిస్కులు అక్కడి నుంచే పోతాయి, వాటిలో చదువరుల వివరాలు కూడా ఉండవచ్చు. వాడకం ఆపిన రోజే డిస్కు తీసి వేరే తాళంలో పెట్టి, ఇద్దరు సంతకం చేయాలి. కొత్త సామాను వచ్చిన అట్టపెట్టెలను బయట చెత్త దగ్గర అలాగే పెట్టకండి, కోసి మడిచి పంపండి.

లైబ్రరీ_డెస్క్

మొదటి విడతలో తాళాల సామాను, స్విచ్ అలారం, రోజువారీ లెక్క పెట్టుకుంటున్నాం. కెమెరా రెండో విడత. సామాను సంఖ్యలు ఒకసారి సరిచూస్తారా?

బోల్టు_నట్టు

క్యాబినెట్లకు తాళంకప్పలు 8, రెండు కొసలా ఉచ్చులున్న కేబుళ్ళు 8. మినీ పీసీలకు స్లాటు కొలతకు తగిన కేబుల్ లాకులు 6, ల్యాప్‌టాప్‌లకు 5. మౌస్, కీబోర్డు వైర్లకు ట్రాపులు 14, ఒక్కోదాంట్లో రెండు వైర్లు పట్టేవి. వీసా స్క్రూలు ఆరింటికి నాలుగేసి 24, బ్రాకెట్ స్క్రూలు 6. రెండు రకాలూ నాలుగైదు ఎక్కువ తీసుకోండి, సరిపోయే బిట్లు రెండు. క్యారేజ్ బోల్టులు, షియర్ నట్లు అడ్డపైపు లేని బల్లలు లెక్కపెట్టాక.

అన్నీ ఒకేసారి ఆర్డరు పెట్టకండి. ఒక్కో రకం ఒక్కటి తెప్పించి, ఒక క్యాబినెట్‌కూ ఒక మినీ పీసీకీ ఒక ల్యాప్‌టాప్‌కూ బిగించి చూసి, కప్ప కడ్డీ కన్నులో దూరిందని, స్క్రూ పొడవు సరిపోయిందని, కేబుల్ ఫ్రేము దాకా అందిందని తేలాకే మిగతావి.